పరలోక ప్రార్థనలో ఆ ఒక్క లైను దగ్గర నా నోరు మూతపడుతోంది

మార్తని నేనే
జనవరి 6, రాత్రి 11:40

అందరికీ వందనాలు. ఇక్కడ చాన్నాళ్ళుగా చదువుతున్నాను గానీ రాయడం ఇదే మొదటిసారి.

మావారికి 43. రెండు కిడ్నీలూ పోయాయి. పద్నాలుగు నెలలుగా డయాలసిస్. సోమ, బుధ, శుక్రవారాలు, వెళ్ళినప్పుడల్లా నాలుగు గంటలు. ప్రభుత్వ అవయవదాన పథకం జీవన్‌దాన్‌లో పేరు రాయించాం. నా కిడ్నీ ఇద్దామంటే నాకు షుగర్ ఉందని కుదరదన్నారు.

డయాలసిస్ కోసం ఆయన ఎడమ చేతిలో రెండు రక్తనాళాలు కలిపి ఫిస్టులా చేశారు. దాని మీద వేళ్ళు ఆనిస్తే లోపల తుమ్మెద తిరుగుతున్నట్టు జుయ్‌మంటుంది. అది తెలుస్తుంటే రక్తం సరిగ్గా పారుతున్నట్టు. రోజూ పడుకునే ముందు చూస్తాను. ఆయనకి నిద్ర పట్టేసినా చీకట్లో చెయ్యి తడుముకుని మరీ చూస్తాను. ఈమధ్య నా రాత్రి ప్రార్థన అంతవరకే అవుతోంది.

అసలు సంగతి ఇది. ఆదివారం మందిరంలో అందరితోపాటు పరలోక ప్రార్థన, అదే యేసు నేర్పిన ప్రార్థన, మొదలుపెడతాను. "నీ రాజ్యము వచ్చు గాక" వరకు బాగానే వస్తుంది. "నీ చిత్తము నెరవేరును గాక" అన్న లైను దగ్గరికి రాగానే పెదాలు బిగుసుకుపోతాయి. "మా అనుదినాహారము" దగ్గర మళ్ళీ కలుస్తాను. పక్కవాళ్ళకి తెలియదు. ఇలా ఐదు నెలలైంది.

ఆపరేషన్‌కి ముందు ఒక కాగితం మీద సంతకం పెట్టించుకుంటారు చూడండి, ఏం జరిగినా మాకు సమ్మతమేనని. ఆ లైను నాకు అలా వినిపిస్తోంది. దేవుడు ఆ సంతకం కోసమే ఎదురుచూస్తున్నట్టు, నేను అన్న మరుక్షణం ఆయన్ని తీసేసుకుంటాడేమోనని భయం. మా పాస్టరు అయ్యగారితో చెప్పాను. "నీ ఇష్టాన్ని చంపుకుని అప్పజెప్పెయ్యమ్మా, అప్పుడే కార్యం జరుగుతుంది" అన్నారు. అంటే కార్యం జరగడం కోసం అప్పజెప్పినట్టు నటించాలా? అదీ చేతకావడం లేదు.

ఇంకెవరికైనా ఇలా అయిందా?

కన్నీటి సీసా
జనవరి 6, రాత్రి 11:58

అక్కా, మీ కోసం ఇప్పుడే మోకరించాను. మాటలు రావట్లేదు. బావగారి పేరు చెప్పక్కర్లేదు, ఆయనకు తెలుసు.

జయజీవితం 777
జనవరి 7, ఉదయం 5:15

ప్రైజ్ ది లార్డ్ సిస్టర్. మీరు ఆ లైను అనకపోవడమే మంచిదైంది అంటాను, ఎవరేమనుకున్నా సరే. "చిత్తమైతే" అని చేసే ప్రార్థన సగం అవిశ్వాసం. మార్కు 11:24 చూడండి, "అడుగుచున్న వాటినెల్లను పొందియున్నామని నమ్ముడి." పొందియున్నాం అని ఉంది, పొందితే పొందుతాం అని లేదు. నోటితో ఒప్పుకోండి. బావగారికి కొత్త కిడ్నీ వచ్చేసిందని రోజుకి ఏడుసార్లు స్తుతించండి. మా మందిరంలో ప్రార్థించిన నూనె ఉంది, కావాలంటే ఈ నంబరుకి (తొలగించబడింది)

నిర్వాహకురాలు
జనవరి 7, ఉదయం 7:30

777 గారూ, ఫోన్ నంబర్లు, నూనెలు ఇక్కడ వద్దని ఇదివరకే రెండుసార్లు చెప్పాను. మిగతాది మీ అభిప్రాయం కాబట్టి ఉంచాను. ఇంకొకటి, అందరికీ: డయాలసిస్ గానీ మందులు గానీ మానేయమని ఎవరు రాసినా ఆ పోస్టు క్షణం ఉండదు. ఒకరు నాకు విడిగా మెసేజ్ పెట్టారు కాబట్టి ముందే చెబుతున్నా.

సెమినరీ బ్యాక్‌బెంచ్
జనవరి 7, ఉదయం 9:05

777 అన్నకి ఒక్క ప్రశ్న. మత్తయి 8లో కుష్ఠరోగి ఏమన్నాడు? "ప్రభువా, నీకిష్టమైతే నన్ను శుద్ధునిగా చేయగలవు." ఇష్టమైతే అన్నాడు. అది సగం అవిశ్వాసమైతే యేసు సగమే బాగుచేయాలి కదా. ఆయన చెయ్యి చాపి ముట్టుకుని "నాకిష్టమే" అన్నాడు.

అక్కా, మీకు ఒక చిన్న సంగతి. సిలువకి ముందు రాత్రి గెత్సేమనే తోటలో యేసు ఒక్కసారి ప్రార్థించి లేవలేదు. మూడుసార్లు వెళ్ళాడు. మొదటిసారి "సాధ్యమైతే ఈ గిన్నె నాయొద్దనుండి తొలగిపోనిమ్ము" అన్నాడు (మత్తయి 26:39; గిన్నె అంటే ముందున్న శ్రమ). రెండోసారి మాట మారింది: "నేను దీనిని త్రాగితేనే గాని యిది నాయొద్దనుండి తొలగిపోవుట సాధ్యము కానియెడల, నీ చిత్తమే సిద్ధించుగాక" (26:42). "సాధ్యమైతే" నుంచి "సాధ్యము కానియెడల" దాకా రావడానికి ఆయనకే సమయం పట్టింది. మధ్యలో లేచి శిష్యుల దగ్గరికి వచ్చి "ఒక్క గడియయైనను మేల్కొనియుండలేరా" అని అడిగాడు. ఒంటరిగా ఉండలేకపోయాడు.

గ్రీకులో ఆ రెండోసారి మాటలు పరలోక ప్రార్థనలోని మాటలే, ఒక్క అక్షరం తేడా లేకుండా. తెలుగులో ఒకచోట "నెరవేరును గాక", ఇంకోచోట "సిద్ధించుగాక" అని వేరుగా వచ్చింది కాబట్టి మనకి తెలియదు. కొండ మీద మనకి నేర్పిన వాక్యాన్ని, ఆ తోటలో నేల మీద సాగిలపడి ఆయనే అనాల్సి వచ్చింది. మీ నోరు మూతపడిన చోటు అది. అక్కడ మీరొక్కరే లేరు.

ఆదివారం రాను
జనవరి 7, మధ్యాహ్నం 1:22

మా పాప ఆరేళ్ళకి పోయింది. నాలుగేళ్ళవుతోంది. సమాధుల దొడ్లోనే ముగ్గురు వచ్చి "దేవుని చిత్తం బ్రదర్" అన్నారు. ఒకాయన "పరలోకపు తోటలో పువ్వు తక్కువైంది, అందుకే కోసుకున్నాడు" అన్నాడు. అప్పటినుంచి నేను ఆదివారం వెళ్ళను. మా ఆవిడ వెళుతుంది, బండి మీద దింపి వస్తాను.

కుష్ఠరోగితో "నాకిష్టమే" అన్నాడు, బావుంది. నాతో అనలేదు. ఎందుకనలేదో ఇక్కడ ఎవరి దగ్గరా జవాబు లేదు, ఉన్నట్టు రాయకండి.

మార్తగారూ, మీరు ఆ లైను అనకపోతే ఏమీ కాదు. అన్నా ఏమీ కాదు. నేను మూడు నెలలు అన్నాను.

గోదారి గట్టు
జనవరి 7, సాయంత్రం 6:40

ఆదివారం రాను గారూ, పువ్వు మాట విని నా ఒళ్ళు మండింది. మా వైపూ అంటారు. అన్నవాడు ఇంటికెళ్ళి అన్నం తింటాడు, విన్నవాళ్ళు జన్మంతా మోస్తారు.

మాది నర్సాపురం దగ్గర బ్రదరెన్ సంఘం. మా చిన్నప్పటి నుంచి ఇంట్లో జార్జి ముల్లర్ పేరు చుట్టం పేరులా వినబడేది. బ్రిస్టల్‌లో అనాథ పిల్లల ఇళ్ళు నడిపినాయన. ఆయన భార్య మేరీ, మిషనరీ ఆంథొనీ నోరిస్ గ్రోవ్స్‌కి చెల్లెలు. ఆ గ్రోవ్స్‌తో కలిసి 1836లో బయల్దేరి వచ్చిన బౌడెన్, బీర్ దొరలే మా గోదావరి డెల్టాలో సువార్త మొదలుపెట్టారు. అందుకని ఆ ఇంటి కబుర్లు మా ఇంటి కబుర్లే అనుకోండి.

మేరీ 1870 ఫిబ్రవరి 6న చనిపోయింది. పెళ్ళయి ముప్పై తొమ్మిదేళ్ళు దాటింది. ఆమె సమాధి ప్రసంగం ముల్లరే చేశాడు. తీసుకున్న వచనం 119వ కీర్తన 68: "నీవు దయాళుడవై మేలుచేయుచున్నావు." మూడు మాటలు చెప్పాడు. ఆమెను నాకు ఇవ్వడంలో దేవుడు మంచివాడు, ఇన్నాళ్ళు ఉంచడంలో మంచివాడు, తీసుకోవడంలో మంచివాడు. ఈ కథ చెప్పేటప్పుడు మా వాళ్ళు ఒక సంగతి వదిలేస్తారు. ఆమె జబ్బులో ఉన్నప్పుడు ఆయన బాగుచేయమని అడిగాడు. 84వ కీర్తనలోని "ఏ మేలును చేయక మానడు" అన్న మాట పట్టుకునే అడిగాడు. ఆమె బతకడం నాకు నిజంగా మేలైతే బతుకుతుంది అని. అంటే అడగడం మానేసి అప్పజెప్పలేదు. అడుగుతూనే అప్పజెప్పాడు.

ఇంకొకటి. 1835లోనే వాళ్ళ చంటి కొడుకు పోయాడు. ఆ మూడో మాట అంత నిబ్బరంగా అనగలగడానికి వెనక ఎన్నేళ్ళున్నాయో చూడండి. మనం మాత్రం జనాన్ని సమాధుల దొడ్లోనే అనమంటాం.

మెదక్ పిల్ల
జనవరి 7, రాత్రి 8:11

మా దగ్గర కొత్త సంవత్సరంలో నిబంధన ఆరాధన ఉంటుంది. మెథడిస్టు వాళ్ళ నుంచి వచ్చింది. వాళ్ళ మూలపురుషుడు జాన్ వెస్లీ 1755 ఆగస్టులో లండన్‌లో మొదలుపెట్టాడట. "నేను ఇక నావాడను కాను, నీవాడను" అన్న భావంతో మొదలవుతుంది. నన్ను పనిలో పెట్టు, బాధలో పెట్టు, నింపు, ఖాళీ చెయ్యి, అంతా నీ ఇష్టం, అని సాగుతుంది. మూడు వందల మందితో కలిసి కాగితం చూసి చదివేస్తాం. బయటికొచ్చి కేకు తింటాం. నిజంగా చెప్తున్నా, మార్తక్క పోస్టు చదివాకే నేను ఏం చదువుతున్నానో తెలిసింది. నిరుడు "బాధలో పెట్టు" అని చదువుతూ చీర కుచ్చిళ్ళు సర్దుకున్నాను.

అక్కా, మీరు అనలేకపోవడం నాకు నా అనడం కన్నా నిజాయితీగా కనిపిస్తోంది.

పాత చర్చి బల్ల
జనవరి 8, ఉదయం 6:02

అమ్మా మార్తా, నాకు 76. తెలుగు మాస్టారుగా చేసి రిటైరయ్యాను. కాస్త పెద్దగా రాస్తాను, ఓపిక పట్టు.

మా తాత పల్నాడులో ఒక పెద్ద రైతు దగ్గర పాలేరు. నేను ఐదారేళ్ళవాణ్ణి, ఆయన వెంట దొడ్డివైపు నుంచి వెళ్ళేవాణ్ణి. ముందు గుమ్మంలోకి మమ్మల్ని రానిచ్చేవాళ్ళు కాదు. ఆసామి అరుగు మీద నిలబడి ఏదో చెప్పేవాడు. తాత తలగుడ్డ తీసి చంకలో పెట్టుకుని, నేల చూస్తూ, "చిత్తం అయ్యా" అనేవాడు. ఎండలో ఇంకో ఎకరం దున్నమన్నా చిత్తం. కూలి వచ్చే నెల ఇస్తానన్నా చిత్తం. ఇంటికొచ్చాక చెంబు నేలకేసి కొట్టేవాడు. ఆ చెంబుకున్న సొట్టలు నాకు ఇప్పటికీ గుర్తు.

తెలుగులో ఈ మాటకి ఆ వాసన ఉంది తల్లీ. "చిత్తం" అన్నవాడి చిత్తం ఎవరికీ అక్కర్లేదు. మన తాతముత్తాతలు చాలామంది ఆ మాట అంటూ బతికిన వాళ్ళే. వాళ్ళు దేవుని దగ్గరికి వచ్చినప్పుడు ఆ మాట వాళ్ళతోపాటే వచ్చింది. నీ భయం వింటుంటే నాకు తాత కనిపించాడు. నువ్వు అరుగు మీద ఆసామి నిలబడ్డాడనుకుంటున్నావు. వాడు ఏమడుగుతాడో, ఒప్పుకోకపోతే ఏం పీకుతాడో అని.

కానీ మాటకి ఇంకో అర్థం ఉంది, అదే అసలుది. చిత్తం అంటే మనసు. "చిత్తశుద్ధి" అంటాం, "చిత్తగించండి" అంటాం. "నీ చిత్తము నెరవేరును గాక" అంటే నీ మనసులో ఉన్నది జరగాలి అని. అప్పుడు ప్రశ్న మారిపోతుంది. నేను లొంగానా లేదా అన్నది కాదు, ఆయన మనసులో ఏముంది అన్నది. దానికి యేసు ఇచ్చిన జవాబు రొట్టె, చేప. కొడుకు రొట్టె అడిగితే రాయి ఇస్తాడా, చేప అడిగితే పాము ఇస్తాడా? కొండమీది ప్రసంగంలోనే, పరలోక ప్రార్థన నేర్పిన కాసేపటికే చెప్పాడు. ఆ ప్రార్థనలో "చిత్తము" కన్నా ముందు వచ్చే మాట "తండ్రీ".

మా తాత ఆసామిని ఏనాడూ ఏమీ అడగలేదు. చిత్తం అనేవాడు, అంతే. యేసు అడిగాడు. "ఈ గిన్నె తీసెయ్" అని బాహాటంగా అడిగాడు. బానిస అడగడు, కొడుకు అడుగుతాడు. నువ్వు అడుగు. నీ భర్త బతకాలని అడుగు. అది నీ ఇష్టం, ఆ ఇష్టాన్ని చంపుకోమని ఎవరు చెప్పారో గానీ, గెత్సేమనేలో యేసు తన ఇష్టాన్ని చంపుకోలేదు, తండ్రి ముందు పెట్టాడు.

సెమినరీ బ్యాక్‌బెంచ్
జనవరి 8, ఉదయం 8:47

మాస్టారూ, మీ మాటకి ఒక తోక. మన తెలుగు బైబిల్లో "నా యిష్టప్రకారము కాదు నీ చిత్తప్రకారమే" అని రెండు మాటలు వాడారు. కొడుక్కి ఇష్టం, తండ్రికి చిత్తం. గ్రీకులో రెంటికీ ఒకటే క్రియ: నేను కోరినట్టు కాదు, నీవు కోరినట్టు. కుష్ఠరోగి "నీకిష్టమైతే", యేసు "నాకిష్టమే", అక్కడా అదే క్రియ. అంటే దేవునిది ఆజ్ఞాపత్రం, మనది ఆశ, అన్నట్టు మూలంలో లేదు. అటూ ఇష్టమే, ఇటూ ఇష్టమే.

జయజీవితం 777
జనవరి 8, మధ్యాహ్నం 12:30

నన్ను అందరూ కలిసి వాయించారు, సరే. నూనె సంగతి తప్పే, ఒప్పుకుంటున్నా. కానీ ఒకటి వినండి. మా అమ్మని 2009లో డాక్టర్లు ఇంటికి తీసుకెళ్ళమన్నారు. ఆ రాత్రి మా నాన్న "చిత్తం ప్రభువా" అని గోడవైపు తిరిగి పడుకున్నాడు. నేను ఊరుకోలేదు, తెల్లార్లూ గొడవపడ్డాను దేవుడితో. అమ్మ ఇవాళ పొద్దున కూడా నాకు ఇడ్లీ పెట్టింది. మీరు "చిత్తం" అన్నప్పుడల్లా నాకు నాన్న వీపు కనిపిస్తుంది. అందుకే ఆ మాటంటే నాకు కోపం.

పాత చర్చి బల్ల
జనవరి 8, మధ్యాహ్నం 2:15

ఇది ముందే చెప్పాల్సింది బాబూ. నీ కోపం నాకు అర్థమైంది. ఆశ వదులుకోవడం, అప్పజెప్పడం ఒకటి కాదు. మీ నాన్నగారు పాపం అలిసిపోయి ఉంటారు. నువ్వు రాత్రంతా పోట్లాడిన ఆ దేవుణ్ణే ఆదికాండంలో యాకోబు కూడా పెనుగులాడుతూ తెల్లవారేదాకా వదల్లేదు. తుంటి తొలిగింది, దీవెనా దొరికింది.

ఆదివారం రాను
జనవరి 8, మధ్యాహ్నం 3:50

777 గారి అమ్మగారు బాగుండాలి, మనస్ఫూర్తిగా అంటున్నా. నేను కూడా తెల్లార్లూ పోట్లాడినవాణ్ణే. ఫలితం వేరు. కాబట్టి పోట్లాట సూత్రం కాదు.

దావీదు కథ నాకు నచ్చుతుంది, రెండో సమూయేలు 12. బిడ్డ కోసం ఉపవాసముండి నేల మీద పడి ఉన్నాడు. ఏడో రోజు బిడ్డ పోయాడు. లేచి స్నానం చేసి, మందిరానికి వెళ్ళి, ఇంటికొచ్చి అన్నం పెట్టమన్నాడు. నౌకర్లు బిత్తరపోయారు. నేను మందిరం దాకా వెళ్ళలేకపోయాను. అన్నం మాత్రం తిన్నాను.

గోదారి గట్టు
జనవరి 8, సాయంత్రం 4:30

88వ కీర్తన చీకట్లోనే ముగుస్తుంది సార్. చివర్లో స్తోత్రం కూడా లేదు. అయినా దాన్ని బైబిల్లోంచి ఎవరూ తీసెయ్యలేదు. ఇంతకన్నా నా దగ్గరేమీ లేదు.

ఆర్‌సీఎం తమ్ముడు
జనవరి 9, ఉదయం 10:10

మా కథోలికుల్లో చార్లెస్ ద ఫుకో జపం అని ఒకటుంది. తండ్రీ, నన్ను నీ చేతుల్లో పెడుతున్నాను, నీకు నచ్చినట్టు చెయ్యి, అనే భావం. ఆయన ఫ్రెంచి గురువు, సహారా ఎడారిలో ఉంటూ 1916 డిసెంబర్ 1న తన ఇంటి గుమ్మం దగ్గరే తుపాకి దెబ్బకి చనిపోయాడు. 2022 మే 15న పునీతుడిగా ప్రకటించారు. మన దేశపు దేవసహాయం గారిని ప్రకటించిందీ అదే రోజు. ఆ జపాన్ని ఆయన తన సొంత జపంగా రాసుకోలేదు. సిలువ మీద యేసు "తండ్రీ, నీ చేతికి నా ఆత్మను అప్పగించుకొనుచున్నాను" అన్నప్పుడు ఆయన మనసులో ఏముండి ఉంటుందా అని ధ్యానిస్తూ రాశాడు.

అక్కా, ఇది తెలిసినప్పుడు నాకు భుజం మీద బరువు దిగినట్టయింది. అప్పగింత అంతా నేనే చెయ్యాలనుకునేవాణ్ణి. ముందు ఆయన అనేశాడు. మనం వెనకనుంచి గొంతు కలపడమే. ఒక రోజు గొంతు రాకపోతే పాట ఆగిపోదు.

అమ్మమ్మ ఫోను నేర్చుకుంది
జనవరి 10, రాత్రి 9:25

నేను టైపు చేయలేను, మా మనవరాలు చేస్తోంది. తప్పులు దానివి.

మార్తా, నీకు పిల్లలున్నారో లేదో తెలీదు. నేను ముగ్గుర్ని కన్నాను. మా రోజుల్లో పిల్లకి పాలు మాన్పించాలంటే వేపాకు నూరి రొమ్ముకి రాసుకునేవాళ్ళం. మా రెండోది మహా మొండి, రెండేళ్ళు దాటినా మానలేదు. నాకు మళ్ళీ నెల తప్పింది, ఇంక మాన్పించక తప్పలేదు. ఆ రాత్రి వేపాకు రాసుకున్నాను. వచ్చి నోరు పెట్టింది. చేదు తగిలి నా మొహంలోకి చూసింది. ఆ చూపు నేను చచ్చేదాకా మర్చిపోను. వేరే ఎవరో తన తల్లి వేషం వేసుకుని వచ్చినట్టు చూసింది. ఆ రాత్రంతా ఏడ్చింది, నన్ను గుద్దింది. గోడవైపు తిరిగి నేనూ ఏడ్చాను. పాలు చేపుకొచ్చి రవిక తడిసిపోయింది. రెండో రాత్రీ అంతే.

మూడో రాత్రి దానంతటదే వచ్చింది. పాలు అడగలేదు. రొమ్ము మీద చెంప ఆనించి పడుకుంది. అక్కడే, చేదు తగిలిన చోటే.

131వ కీర్తన చిన్నది, మూడే వచనాలు. "చనుపాలు విడిచిన పిల్ల తన తల్లియొద్దనున్నట్లు" అని ఉంటుంది. నేను ఎన్నోసార్లు కంఠస్థం అప్పజెప్పాను గానీ ఆ పిల్ల మూడో రాత్రి పిల్ల అని తర్వాతెప్పుడో తట్టింది. మొదటి రాత్రి పిల్లని ఎవరూ "నిమ్మళంగా పడుకో" అనలేరు. అంటే దానికి అర్థం కాదు. నువ్వు మొదటి రాత్రిలో ఉన్నావు. గుద్దు. ఏం కాదు.

మీ ఆయనకి నీళ్ళు కొలిచి ఇవ్వాలిగా. మా మరిదికి ఐసుముక్క చప్పరించమని ఇచ్చేవాళ్ళం, దప్పిక కాస్త ఆగేది. డాక్టరుని అడిగి ఇవ్వు, ఐసు కూడా నీళ్ళ లెక్కలోకే వస్తుంది.

కన్నీటి సీసా
జనవరి 10, రాత్రి 9:41

అమ్మమ్మగారూ. ఇంకేం రాయను.

ఆదివారం రాను
జనవరి 10, రాత్రి 10:20

అమ్మమ్మగారూ, మీ కథలో పిల్ల మూడో రాత్రి బతికే ఉంది. అదొక్కటే తేడా. కానీ గుద్దమన్నారు చూడండి, నాలుగేళ్ళలో నాకు ఆ మాట చెప్పినవాళ్ళు లేరు.

అమ్మమ్మ ఫోను నేర్చుకుంది
జనవరి 11, మధ్యాహ్నం 12:50

నిజమే నాయనా. నా మూడోవాడు పురిట్లోనే పోయాడు. వాడి సంగతి నేను రాయలేదు. రాయడం రాలేదు.

నిర్వాహకురాలు
జనవరి 12, ఉదయం 7:05

నిన్నటి నుంచి వచ్చిన పోస్టుల్లో నాలుగు తీసేశాను. రెండు వాగ్వాదాలు, ఒకటి కిడ్నీకి ఆకుపసరు ప్రకటన, ఇంకొకటి ఆదివారం రాను గారిని మందిరానికి రమ్మని ఒత్తిడి. ఆయన వస్తే వస్తారు. ఈ చర్చ తెరిచే ఉంచుతున్నాను.

మార్తని నేనే
జనవరి 18, రాత్రి 10:35

అందరూ క్షమించాలి, పన్నెండు రోజులు జవాబివ్వలేదు. మావారికి మధ్యలో జ్వరం వచ్చి నాలుగు రోజులు ఆస్పత్రిలో ఉన్నాం. ఇప్పుడు ఫర్వాలేదు. జీవన్‌దాన్ నుంచి ఇంకా ఏమీ రాలేదు.

అన్నీ ఆస్పత్రి వరండాలో కూర్చుని చదివాను. మాస్టారూ, మీ తాతగారి చెంబు గురించి మావారికి చదివి వినిపించాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "మా నాన్న కూడా చంకలోనే పెట్టుకునేవాడు తలగుడ్డ" అన్నారు. పెళ్ళయిన పంతొమ్మిదేళ్ళలో మామగారి గురించి ఆయన ఇలాంటి మాట చెప్పడం ఇదే మొదలు. తమ్ముడూ 777, మీ నాన్నగారి వీపు సంగతి చదివాక మీ మీద కోపం పోయింది.

ఆ రాత్రి వార్డులో అడిగాను. చాలా రోజుల తర్వాత, బిడియం లేకుండా. ఈయన నాకు కావాలి, ఇంకో ఇరవయ్యేళ్ళు కావాలి, పిల్ల పెళ్ళికి పక్కన ఉండాలి, అని లెక్క చెప్పి మరీ అడిగాను. అమ్మమ్మగారూ, గుద్దాను కూడా. నిజంగానే, మంచం పక్కన రెగ్జిన్ కుర్చీని. నర్సమ్మ వచ్చి ఏమైందని అడిగింది.

ఇవాళ మందిరానికి వెళ్ళాను. పరలోక ప్రార్థన మొదలైంది. ఈసారి "తండ్రీ" దగ్గరే ఆగిపోయాను. ఆ మాట ఎవర్ని పిలుస్తోందో చూద్దామని అక్కడే ఉండిపోయాను. ఎంతసేపో తెలియదు, తల ఎత్తేసరికి అందరూ ఆమేన్ అనేశారు. కాబట్టి ఆ లైను ఇవాళ కూడా అనలేదు. కానీ నోరు మూతపడి కాదు.

ఇంటికొచ్చి ఇందాక చెయ్యి చూశాను. జుయ్‌మంటోంది.

పాత చర్చి బల్ల
జనవరి 18, రాత్రి 10:52

అక్కడే ఉండు తల్లీ. తొందరేం లేదు.

ఆదివారం రాను
జనవరి 18, రాత్రి 11:14

మార్తగారూ, మీరు భీమవరం చుట్టుపక్కలేనని ఇదివరకు వేరే చర్చలో మీవారు రాశారని మా ఆవిడ చెబుతోంది. మేమూ అక్కడే. డయాలసిస్ నాలుగు గంటలూ మీరొక్కరే బయట కూర్చుంటున్నారా?

మార్తని నేనే
జనవరి 18, రాత్రి 11:20

ఒక్కదాన్నే అన్నయ్యగారూ. నేను ఇక్కడ రాసినట్టు ఆయనకి చెప్పలేదు, ఆయనా ఇక్కడ రాస్తారని ఇప్పుడే తెలిసింది!

ఆదివారం రాను
జనవరి 18, రాత్రి 11:23

రేపు సోమవారం కదా. ఎన్నింటికి?

మార్తని నేనే
జనవరి 18, రాత్రి 11:24

ఆరింటికి. అక్కయ్యగారిని కూడా తీసుకురండి. ఏ ఆస్పత్రో విడిగా మెసేజ్ పెడతాను, ఇక్కడ వద్దు, నిర్వాహకురాలు గారు తిడతారు.